ఫోస్: నడవడానికే ఆ వెలుగు

పొద్దు గుంకింది. యెరూషలేము దేవాలయంలో స్త్రీల ఆవరణ అని పిలిచే పెద్ద ముంగిట్లో మీరు నిలబడి ఉన్నారు. క్రీస్తు శకం 30వ సంవత్సరానికి కాస్త అటూ ఇటూ. తిష్రీ నెల, మన ఆశ్వయుజం ప్రాంతం. పర్ణశాలల పండుగ మొదలై ఒక పగలు గడిచింది. దారి పొడవునా మీరు చూస్తూ వచ్చినవన్నీ పందిళ్లే. మిద్దెల మీద, వాకిళ్లలో, సందు మలుపుల్లో ఖర్జూర మట్టలూ ఒలీవ కొమ్మలూ కప్పి వేసిన పందిళ్లు. ఈ వారమంతా జనం వాటి కిందే తింటారు, వాటి కిందే పడుకుంటారు. ఐగుప్తు నుంచి బయటపడ్డ తమ పూర్వీకులు ఎడారిలో గుడారాలు వేసుకుని బతికిన రోజుల్ని తలుచుకుంటారు.

ముందు ఈ ఆవరణను ఒకసారి కలియజూడండి. పొడవు 135 మూరలు, వెడల్పూ అంతే. మన లెక్కలో ఇటు నుంచి అటు సుమారు 200 అడుగులు. నాలుగు మూలలా నాలుగు గదులు. నైరుతి మూల గదిలో నూనె, ద్రాక్షారసం నిల్వ ఉంటాయి. పడమటి వైపు పదిహేను మెట్లు, వాటి పైన గుడి లోపలికి వెళ్లే ద్వారం. ఆ మెట్లు తిన్నగా ఉండవు. గుండ్రటి కళ్లాన్ని సగానికి కోసినట్టు వంపు తిరిగి ఉంటాయి. ఆ పోలిక మిష్నాలోదే. క్రీ.శ. 200 ప్రాంతంలో యూదు గురువులు కూర్చిన ఆ గ్రంథం, దాని మీద తరువాత పెరిగిన తల్మూదు భద్రపరచకపోతే ఈ రాత్రి సంగతులు మనదాకా వచ్చేవి కావు.

రద్దీ పెరుగుతోంది. స్త్రీలు పైన మేడ మీద నిలబడ్డారు, పురుషులు కింద. తొక్కిసలాట, కలగాపులగం లేకుండా ఏటా ఈ రాత్రి కోసం చేసే ఏర్పాటు అది. అందరి తలలూ ఒకే వైపు ఎత్తి ఉన్నాయి. మీరూ తలెత్తండి.

ఆకాశంలోకి లేచి నిలిచిన దీపస్తంభాలు. ఒక్కొక్కటి 50 మూరల ఎత్తని తల్మూదు చెబుతుంది, అంటే దాదాపు 75 అడుగులు. ఒక్కో స్తంభం తల మీద నాలుగు బంగారు గిన్నెలు. గిన్నె గిన్నెకూ ఒక నిచ్చెన. నిచ్చెన నిచ్చెనకూ ఒక కుర్రవాడు. యాజకుల ఇళ్లలో పుట్టి, వయసొస్తున్న పిల్లలు వాళ్లు. చేతిలో నూనె కూజా, ఒక్కో కూజాలో సుమారు పది లీటర్లు. మీకు దగ్గరగా ఉన్న నిచ్చెన మీద ఒకడు ఎక్కుతున్నాడు. కూజాను ఒక చేత్తో పొదివి పట్టుకున్నాడు, రెండో చేత్తో మెట్టు తడుముకుంటున్నాడు. సగం దూరం వెళ్లి ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ ఎక్కాడు. కింద నుంచి చూస్తున్న వాళ్ల మాటలు వాటంతటవే తగ్గిపోయాయి.

వత్తుల సంగతి కూడా చెప్పాలి. అవి కొత్త బట్టతో చేసినవి కావు. యాజకులు సేవలో తొడిగి తొడిగి చిరిగిపోయిన లాగులనూ నడికట్లనూ చింపి పేనినవి. బలిపీఠం దగ్గర ఏడాది పొడవునా చెమటోడ్చిన బట్ట ఈ రాత్రి వత్తిగా మారి నూనెలో నానుతోంది.

మొదటి గిన్నె అంటుకుంది. పొగ, ఆ వెనకే పచ్చటి మంట. రెండోది, మూడోది, నాలుగోది. పక్క స్తంభం మీద మళ్లీ నాలుగు. ఎదురుగా ఉన్న తెల్లటి రాతి గోడ ముందు పసుపు రంగులోకి, తరువాత బంగారు రంగులోకి తిరిగింది. మీ పక్కనున్న ముసలాయన ముఖంలో ముడతలు కూడా లెక్కపెట్టేంత వెలుగు. తూర్పున ఒలీవల కొండ మీద పౌర్ణమి మరునాటి చంద్రుడు లేస్తున్నాడు గానీ ఇక్కడ ఎవరూ అటు చూడటం లేదు.

దేవాలయం కొండ మీద ఉంది. కాబట్టి వెలుగు గోడలు దాటి కిందికి, ఊరి మీదికి పారుతుంది. ఆ రాత్రి దాని కాంతి అందని వాకిలి యెరూషలేములో ఒక్కటీ ఉండేది కాదని మిష్నా అంటుంది. తల్మూదు ఇంకొక్క మాట కలిపింది. ఆ వెలుగులో ఆడవాళ్లు గోధుమలు ఏరుకోగలిగేవారట.

అక్కడికి దిగి వెళదాం. ఊళ్లో ఒక చిన్న వాకిలి. పందిరి కింద పిల్లలు నిద్రపోయారు. ఇంటి ఇల్లాలు గోధుమలు ముందేసుకుని కూర్చుంది. ఈ పూట ఆమె దీపం వెలిగించుకోలేదు, నూనె ఖర్చు లేదు. వేళ్లతో గింజల్ని పలుచగా పరిచి రాయీ రప్పా తీసి పక్కన పడేస్తోంది. పుచ్చు గింజ ఏదో, మంచి గింజ ఏదో ఇట్టే తెలిసిపోతోంది. కొండ మీద పాటలు వినిపిస్తున్నాయి. ఆమె ఒకసారి తలెత్తి చూసింది, మళ్లీ గోధుమల మీదికి వంగింది. ఆ దీపాలు ఎంత ఎత్తున ఉన్నాయో, వాటి గిన్నెలు బంగారువో ఇత్తడివో ఆమెకు ఈ క్షణాన పట్టదు. రేపు పిల్లలకు పెట్టే రొట్టెలో రాయి పడకుండా చూసుకుంటోంది. గుడి దీపం చేసిన పని ఆమె వేళ్ల దగ్గర పూర్తవుతోంది.

ఈ ఇల్లాలిని గుర్తుపెట్టుకోండి. కొత్త నిబంధనలో వెలుగు అన్న మాట ఎక్కడ వచ్చినా ఆమె మనకు పనికొస్తుంది.

మళ్లీ కొండెక్కుదాం. పదిహేను మెట్ల మీద గుడిలో పాడే లేవీయులు బారులు తీరారు. సితారలు, స్వరమండలాలు, తాళాలు, బూరలు. కీర్తనల గ్రంథంలో యాత్రకీర్తనలు పదిహేను ఉన్నాయి, మెట్లూ పదిహేనే. కింద పెద్దవాళ్లు, భక్తులు, పేరున్న పండితులు చేతుల్లో దివిటీలు పట్టుకుని నాట్యం చేస్తున్నారు. గమలీయేలు కొడుకు సిమెయోను ఎనిమిది దివిటీలు ఎగరేసి పట్టుకునేవాడని, ఒకదానికొకటి తగలనిచ్చేవాడు కాదని తల్మూదు మురిపెంగా చెప్పుకుంటుంది. ఆ గమలీయేలు దగ్గరే, తరువాత యేసు అపొస్తలుడైన పౌలు ధర్మశాస్త్రం చదువుకున్నాడు. బయట గంభీరంగా కనిపించే మనుషులు ఈ రాత్రి పిల్లలైపోయారు. పండుగ రోజుల్లో కంటికి కునుకే ఉండేది కాదని అప్పటి లేవీయుడొకడు తరువాతి కాలంలో తలుచుకున్నాడు.

కోడి కూసింది. పై ద్వారం దగ్గర ఇద్దరు యాజకులు బూరలు ఊదారు. ఊదుకుంటూ మెట్లు దిగారు. పదో మెట్టు మీద ఆగి ఊదారు, ఆవరణలోకి వచ్చి ఊదారు, జనం మధ్యగా తూర్పు ద్వారం దాకా నడిచారు. అక్కడ, సూర్యుడు ఉదయించబోయే ముందు, అందరూ వెనక్కి తిరిగారు. సూర్యుడికి వీపు, గర్భాలయానికి ముఖం. ఒకనాడు ఇదే చోట కొందరు గుడికి వీపు పెట్టి ఉదయించే సూర్యుడికి మొక్కారు. యెహెజ్కేలు ప్రవక్త ఆ తప్పును రాసిపెట్టాడు. ఆ పెద్దల దారి తమది కాదని, తమ చూపు దేవుడి వైపేనని ఇప్పుడు యాజకులు గొంతెత్తి చెబుతున్నారు. రాత్రంతా ఇన్ని దీపాలు వెలిగించి, ఇంత సంబరం చేసి, చివరికి వాళ్లు దీపానికీ మొక్కలేదు, సూర్యుడికీ మొక్కలేదు.

పండుగ చివరికి వచ్చింది. నిచ్చెనలు తీసేస్తున్నారు. పగటి వెలుతురులో బంగారు గిన్నెల అంచుకు పట్టిన మసి కనిపిస్తోంది. అదే స్త్రీల ఆవరణ, అయితే ఇప్పుడు మీరు కానుకపెట్టెలున్న చోట నిలబడ్డారు. బూర ఆకారంలో ఉండే పదమూడు పెట్టెలు. నాణేలు వాటిలో పడుతున్న చప్పుడు. గలిలయ నుంచి వచ్చిన బోధకుడు ఒకాయన అక్కడ మాట్లాడుతున్నాడు. పేరు యేసు. లోకానికి వెలుగు తానేనని, తన వెంట వచ్చేవారు చీకట్లో నడవరని ఆయన అన్నాడు.

ఆ మాట ఎక్కడ నిలబడి అన్నాడో సువార్త రాసిన యోహాను పనిగట్టుకుని చెప్పాడు, కానుకపెట్టె ఉన్న చోట అని. రాత్రంతా దీపస్తంభాల కింద గడిపిన జనానికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. తలెత్తితే చాలు, ఆరిపోయిన గిన్నెలు కనిపిస్తాయి. ఆ దీపాలు ఒక ఊరికి వెలుగిచ్చాయి, ఈయన లోకానికి అంటున్నాడు. అవి పండుగ రాత్రులకే, ఈయన చీకట్లో నడవడమే ఉండదంటున్నాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ మాటకు ముందు ఇప్పటి బైబిళ్లలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ కనిపిస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతానిదని చాలామంది పండితులు లెక్కగట్టే యోహాను సువార్త ప్రతి, పపైరస్ 66, ఐగుప్తులో దొరికింది, ఇప్పుడు జెనీవా దగ్గర బోడ్మర్ గ్రంథాలయంలో ఉంది. అందులో గానీ, నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లో గానీ ఆ కథ ఈ చోట లేదు. ఆ పాత ప్రతుల్లో చదివితే, గలిలయ నుంచి ప్రవక్త పుట్టడని, తమలోనే ఒకడైన నీకొదేముకు పరిసయ్యులనే యూదు పెద్దలు విసిరిన దెప్పిపొడుపు, ఆ వెంటనే వెలుగు మాట. చీకట్లో నడిచే గలిలయ జనం గొప్ప వెలుగు చూస్తారని యెషయా ప్రవక్త ఏనాడో రాశాడు. గలిలయ వాడని తీసిపారేసిన వాళ్లకు గలిలయ గురించిన ఆ ప్రవచనమే జవాబైంది.

యేసు పలికింది అరామిక్‌లో కావచ్చు. యోహాను గ్రీకులో రాశాడు, ఆ చోట వాడిన మాట ఫోస్. కొత్త నిబంధన మొత్తంలో అది సుమారు 70 సార్లు వస్తుంది. అందులో 20కి పైగా యోహాను సువార్తలోనే. పాత గ్రీకులో దాని రూపం ఫఓస్. మన ప్రభ, ఆభ, భాసించడం ఏ ధాతువు నుంచి వచ్చాయో దాని మూలమూ అదేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. దీపానికి గ్రీకులో వేరే మాట ఉంది, లుఖ్నోస్. బాప్తిస్మమిచ్చే యోహానును సువార్త లుఖ్నోస్ అంటుంది, ఫోస్ అనడానికి మాత్రం ఒప్పుకోదు. దీపాన్ని ఎవరో వెలిగించాలి, ఎవరో నూనె పోయాలి. నిచ్చెన మీద ఎక్కిన ఆ కుర్రవాడిని తలుచుకుంటే ఈ తేడా తేలిగ్గా బోధపడుతుంది.

అయితే ఫోస్ ఆకాశంలోనే ఉండిపోయే మాట కాదు. అది నేల మీద ఎక్కడెక్కడ పడుతుందో చూడటానికి మూడు చోట్లకు వెళదాం.

మొదటిది దగ్గరే. గుడి నుంచి దక్షిణంగా దిగితే సిలోయము కోనేరు. పండుగ ఉదయాల్లో యాజకుడు బంగారు పాత్రతో నీళ్లు తెచ్చింది ఇక్కడి నుంచే. 2004లో మురుగునీటి గొట్టం పనులు చేస్తుండగా ఆనాటి రాతి మెట్లు బయటపడ్డాయి. ఆ మెట్ల మీద మీరు కూర్చున్నారు. ఒకడు తడుముకుంటూ దిగుతున్నాడు. పుట్టుగుడ్డివాడు. కళ్ల మీద బురద పూసి ఉంది. తాను లోకానికి వెలుగునని యేసు ఇంకోసారి చెప్పి, ఉమ్మితో మట్టి కలిపి ఇతని కళ్లకు పూసి, పోయి కడుక్కోమన్నాడు. గుడ్డివాడు వంగి దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు. బురద కరిగి చెంపల మీదుగా జారింది. మళ్లీ కడుక్కున్నాడు. కళ్లు తెరిచాడు.

అతను ఆకాశం వైపు చూస్తూ కూర్చోలేదు. లేచి ఇంటిదారి పట్టాడు. ఇరుగుపొరుగు వాళ్లు వాడేనా, వాడిలాంటి వాడా అని వాదించుకున్నారు. పరిసయ్యులు పిలిపించి గుచ్చి గుచ్చి అడిగారు. కన్నవాళ్లు భయపడి తప్పుకున్నారు. అతను మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాడు, చెప్పినందుకు వెలివేయించుకున్నాడు. ఫోస్ అతనికి ఇచ్చింది చూపొక్కటే కాదు. నిజం చెప్పి నిలబడే వెన్నెముక కూడా ఇచ్చింది.

రెండో చోటుకు ఆరు నెలల తరువాత వెళుతున్నారు. యూదుల పస్కా పండుగ రోజులు, మళ్లీ నిండు చంద్రుడి రాత్రి. యేసు శిష్యుల్లో ఆయనను పట్టివ్వబోయే యూదా భోజనం మధ్యలో లేచి బయటికి వెళ్లాడు. అప్పుడు రాత్రి అయిందని యోహాను ఒక్క ముక్కలో తేల్చేశాడు. కాసేపటికి సైనికులు లాంతర్లూ దివిటీలూ పట్టుకుని తోటలోకి వచ్చారు. లోకానికి వెలుగునన్న ఆయనను పట్టుకోవడానికి దివిటీలు తెచ్చుకున్నారు!

ఇప్పుడు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిలి. చలిగా ఉంది. మధ్యలో మంట వేశారు. బంట్రోతుల పక్కన యేసు శిష్యుడొకడు చేతులు కాచుకుంటూ కూర్చున్నాడు. పేతురు. ఒక పనిపిల్ల దాటి వెళ్తూ ఆగింది. మంట వెలుగు అతని ముఖం మీద పడుతోంది. తేరిపార చూసింది. వీడూ ఆయన మనిషే అంది. పేతురు కాదన్నాడు, ఆయన ఎవరో నాకు తెలియదన్నాడు.

సువార్తలు రాసిన మార్కు, లూకా ఇద్దరూ ఆ మంటను ఫోస్ అనే రాశారు. పేతురు దాని దగ్గరికి వచ్చింది వెచ్చదనం కోసం. అది అతని ముఖాన్ని పట్టిచ్చింది. వెలుగు దగ్గరికి రావడమంటే బయటపడిపోవడానికి సిద్ధపడి రావడం. తమ పనులు బయటపడతాయని జనం వెలుగు దగ్గరికి రావడానికి జంకుతారని నీకొదేముతో మాట్లాడిన రాత్రే యేసు చెప్పాడు. మంట దగ్గర కూర్చుని కూడా చీకట్లో ఉండిపోవచ్చని పేతురు ఆ రాత్రి తెలుసుకున్నాడు. కోడి కూసింది, బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. తన గురించి తనకు నిజం తెలిసింది కాబట్టే ఆ ఏడుపు.

మూడో చోటు సముద్రం దాటి, మాసిదోనియలో ఫిలిప్పీ పట్టణం. క్రీ.శ. 50 ప్రాంతం. నడిరాత్రి. చెరసాల లోపలి గది, గాలాడదు. పౌలు, సీల అనే ఇద్దరు ఖైదీలు. వీపులు బెత్తం దెబ్బలతో చిట్లిపోయి, కాళ్లు బొండలో ఇరుక్కుని ఉన్నాయి. ఆ స్థితిలో పాడుతున్నారు. భూమి కంపించింది. తలుపులు తెరుచుకున్నాయి, సంకెళ్లు ఊడిపోయాయి. చెరసాల అధికారి నిద్ర లేచి, ఖైదీలు పారిపోయారనుకుని, కత్తి దూసి తన ప్రాణం తానే తీసుకోబోయాడు. చీకట్లోంచి పౌలు కేక వేశాడు, హాని చేసుకోవద్దు, మేమంతా ఇక్కడే ఉన్నామని.

అధికారి దీపాలు తెమ్మని అరిచాడు. అక్కడ లూకా వాడిన మాట ఫోస్‌కు బహువచనం. దీపాలు వచ్చాయి. వణుకుతూ లోపలికి ఉరికాడు. ఆ వెలుగులో అతనికి మొదట కనిపించింది ఏమిటి? అంతకుముందు తాను బొండ బిగించిన మనుషుల వీపులు. ఎండిన రక్తం. ఆ రాత్రి ఆ గడియలోనే వాళ్లను బయటికి తీసుకొచ్చి గాయాలు కడిగాడు. ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. నీళ్ల చెంబు వంచుతున్న ఆ చేతులు కొద్ది గంటల క్రితం తాళం వేసిన చేతులే. అతను బాప్తిస్మం తీసుకున్నది గాయాలు కడిగిన తరువాత. లూకా రాసిన వరుస అదే.

నేను చెప్పదలచుకున్నది ఈ వరుసలోనే ఉంది. గోధుమలు ఏరుకున్న ఇల్లాలు, ఇంటిదారి పట్టిన గుడ్డివాడు, మంట దగ్గర దొరికిపోయిన పేతురు, గాయాలు కడిగిన అధికారి. నలుగురి దగ్గరా వెలుగు పడింది చేతుల మీద, కాళ్ల మీద, ముఖం మీద. లేఖనంలో ఫోస్ కళ్లప్పగించి చూసే వస్తువు కాదు. అది పడ్డాక ఏమి కనిపించిందో, కనిపించిన దానికి మనిషి ఏమి చేశాడో, అక్కడే దాని అర్థం తేలుతుంది. యేసు కానుకపెట్టెల దగ్గర చెప్పిన మాటలోనూ నడక ఉంది, వెంట రావడం ఉంది.

క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ దేవాలయాన్ని తగలబెట్టింది. దీపస్తంభాలు, బంగారు గిన్నెలు, పదిహేను మెట్లు, నూనె గది, ఏవీ మిగల్లేదు. యోహాను సువార్త ఆ తరువాత, మొదటి శతాబ్దం చివర్లో రూపం తీసుకుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే దాన్ని మొదట చదివిన వాళ్లకు ఆ దీపాలు జ్ఞాపకమే. గుడి పోయింది, పండుగ రాత్రులు పోయాయి. ఆరిపోని వెలుగు ఏదన్న ప్రశ్న వాళ్లకు పొద్దుపోని చర్చ కాదు, బతుకు ప్రశ్న. యోహాను పేరు మీదున్న మొదటి పత్రిక ఆ ప్రశ్నకు చాలా సూటిగా జవాబిచ్చింది. వెలుగులో ఉన్నానని చెప్పుకుంటూ తోటి సోదరుణ్ని ద్వేషించేవాడు ఇంకా చీకట్లోనే ఉన్నాడని, ప్రేమించేవాడే వెలుగులో ఉన్నాడని. వెలుగుకు ఆ పత్రిక పెట్టిన గీటురాయి అది.

మన తెలుగు ఇళ్లలో క్యాలెండర్ల మీద, చర్చి గోడల మీద యేసు చెప్పిన ఆ వెలుగు మాట కనిపిస్తూనే ఉంటుంది. కంటికి అలవాటై చదవకుండానే దాటిపోతాం. ఈసారి ఒక పని చేయండి. యోహాను సువార్త ఏడో అధ్యాయం 37వ వచనం నుంచి తొమ్మిదో అధ్యాయం చివరిదాకా ఒక్క బిగిన, పైకి వినిపించేలా చదవండి. అంతా కలిపి అరగంట కూడా పట్టదు. విశ్వాసులైనా కాకపోయినా చదవండి. చదవడం అయ్యాక, ఎవరి గాయం మన వల్ల అయిందో, దాన్ని కడగడానికి మనం ఇంకా ఎందుకు లేవలేదో ఎవరికి వారు ప్రశ్నించుకోండి. ఫోస్ అన్న మాటకు నిఘంటువు ఇవ్వలేని అర్థం ఆ జవాబులో దొరుకుతుంది.